ఒక పక్క ఎగ్జామ్స్, ఇంకో పక్క గౌను కొలతలు

ఈ రెండూ ఒకే నెలలో పెట్టాలన్న ఐడియా ఎవరిదో గానీ, వాళ్ళకో దండం. పొద్దున కెమిస్ట్రీ రివిజన్, మధ్యాహ్నం గ్రాడ్యుయేషన్ రిహార్సల్, స్టేజి ఎక్కి కుడి చేత్తో షేక్‌హ్యాండ్ ఇచ్చి ఎడమ చేత్తో సర్టిఫికెట్ తీసుకోవాలట, ఇది నలభై నిమిషాలు ప్రాక్టీస్ చేయించారు, అయినా మా బ్యాచ్‌లో సగం మంది చేతులు మార్చేశారు. టోపీకి వేలాడే కుచ్చు ముందు కుడి పక్కన ఉండాలి, తర్వాత ఎడమ పక్కకి తిప్పాలి, నేనైతే రెండుసార్లు కళ్ళలో పొడుచుకున్నా.

చదువు సంగతికొస్తే, మొన్నటిదాకా నోట్స్‌ని హైలైటర్‌తో పసుపు పూసి చదివేశాననుకునేదాన్ని. పుస్తకం మూసి ఖాళీ పేపర్ మీద రాద్దామంటే మూడు లైన్లు కూడా రాలేదు, ఏడుపొచ్చింది నిజంగా. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు తనే బట్టీపట్టి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో లెక్కేశాడు. నేర్చుకున్న కాసేపటికే ఎక్కువ భాగం పోతుంది, మధ్యమధ్యలో గ్యాప్ ఇచ్చి మళ్ళీ చూస్తే నిలబడుతుంది. అందుకే ఇప్పుడు ఒక చాప్టర్ ఇవాళ, రెండ్రోజులకి మళ్ళీ, వారానికి మళ్ళీ, చూడకుండా రాయడం, తర్వాతే చెక్ చేసుకోవడం. నైటవుట్లు మానేశా, నిద్ర లేకపోతే చదివింది కూడా సరిగ్గా ఎక్కట్లేదు.

ఆటోగ్రాఫ్ బుక్ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. అందరూ "ఎగ్జామ్స్ అయ్యాక రాస్తాలే" అంటున్నారు, అప్పుడు దొరుకుతారా వీళ్ళు? సరే, ఫిజిక్స్ పిలుస్తోంది.