నాన్న రాత్రి భోజనం, గ్రీకు వంట: పన్నెండు వారాల నోట్స్

మొదటి వారం

నాన్నకి షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. ఈసారి హెచ్‌బీఏవన్‌సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష, 8.1 వచ్చింది. మూడు నెలలు తిండి మార్చి చూద్దాం, మెడిటరేనియన్ పద్ధతి, అంటే గ్రీసు లాంటి మధ్యధరా సముద్ర తీర దేశాల తిండి, ప్రయత్నించండి అన్నారు డాక్టరుగారు. వంట నాకు ప్రాణం కాబట్టి రాత్రి భోజనం నేను తీసుకున్నాను. ఏం వండానో, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి గ్లూకోమీటర్ ఎంత చూపించిందో ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. అన్నం తిన్న రాత్రుల్లో 210 నుంచి 230 మధ్య ఉండేది.

మొదలే తప్పటడుగు పడింది. కూరగాయలు వేసి కుస్‌కుస్ చేశాను. రీడింగ్ 207. ఎందుకు తగ్గుతుంది? కుస్‌కుస్ అంటే గోధుమ రవ్వే కదా, ఉప్మా తిన్నట్టే. సముద్రం అవతలి పేరున్నంత మాత్రాన పిండి పదార్థం తక్కువైపోదు. ఆలివ్ నూనె దగ్గరా పొరపాటే. చవకగా ఉందని తెచ్చిన సీసా మీద చిన్న అక్షరాల్లో పోమస్ అని ఉంది. అంటే నూనె తీసేశాక మిగిలిన పిప్పి నుంచి రసాయనాలతో లాగింది. కొనాల్సింది ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే రసాయనాలు లేకుండా కాయల్ని నలిపి తీసింది. నల్లటి సీసాలో ఉన్నది తెచ్చి, స్టవ్ పక్కన కాకుండా అలమారలో పెట్టాను.

రెండు, మూడు వారాలు

ఇక్కడే దారి దొరికింది. గ్రీసులో మామూలు ఇళ్లలో వండుకునే పప్పు పులుసు, పేరు ఫకేస్. ఇప్పటికి తొమ్మిదిసార్లు చేశాను. ముగ్గురికి లెక్క ఇది.

పొట్టు తీయని మసూర్ 200 గ్రాములు. నానబెట్టక్కర్లేదు. ఐదు నిమిషాలు ఉడికించి, నల్లగా దిగిన ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ నీళ్లు పోసి, ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక బే ఆకు, రెండు చెంచాల ఆలివ్ నూనె వేసి సన్న సెగ మీద అరగంట ఉంచాలి. కుక్కర్ వద్దు. గింజ గింజగా ఉండాలి, నోట్లో వేసుకుంటే మెత్తగా నలగాలి. టమాటా గుజ్జు పప్పు ఉడికాకే వేయాలి. పులుపు ముందే పడితే గింజ గట్టిగా ఉండిపోతుంది, రెండోసారి చేసినప్పుడు గంట ఉడికించినా మెత్తబడలేదు. దించాక చిటికెడు ఒరెగానో. కంచంలో వడ్డించాక ఒక చెంచా పచ్చి ఆలివ్ నూనె, అర చెంచా వెనిగర్.

బే ఆకు గురించి ఒక మాట. మన బిర్యానీ ఆకు అది కాదు. మనది దాల్చినచెక్క జాతి, ఆకు మీద నిలువునా మూడు ఈనెలు కనిపిస్తాయి. వాళ్లదానికి మధ్యలో ఒకటే ఈనె, వాసన కూడా వేరు. దొరక్కపోతే మానేయడమే మంచిది, మనది వేస్తే రుచి మసాలా వైపు వెళ్లిపోతుంది.

"తాలింపు లేని పప్పేంటమ్మా" అన్నారు నాన్న మొదటి రాత్రి. వెనిగర్ వేసి కలిపాక ఇంకో గరిటె అడిగారు. ఒక చిన్న గోధుమ రొట్టె ముక్కతో తింటే రీడింగ్ 154. పుస్తకంలో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాను.

నాలుగో వారం

అమ్మకి నూనె టెన్షన్ పట్టుకుంది. "ఇంత నూనా, గుండెకి మంచిదేనా?" అని. స్పెయిన్‌లో ఈ తిండి మీద జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనం గురించి చెప్పాను. 2013లో ఫలితాలు వచ్చాయి, మనుషుల్ని గుంపులుగా విభజించడంలో లోపాలు బయటపడితే 2018లో సరిచేసి మళ్లీ ప్రచురించారు. పాల్గొన్నవాళ్లలో దాదాపు సగం మంది షుగర్ ఉన్నవాళ్లే. ఒక గుంపులో ఇంటికి వారానికి లీటరు ఎక్స్‌ట్రా వర్జిన్ ఇచ్చారు. వాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి అన్నీ కలిపి చూస్తే తగ్గాయి. అయితే పెద్ద చెంచాకి (టేబుల్ స్పూన్) 120 కేలరీలు ఎక్కడికీ పోవు. అందుకే మా ఇంట్లో వేపుళ్లు, అప్పడాలు ఆపేశాకే ఈ నూనె మొదలుపెట్టాను. మనిషికి రోజుకి మూడు చెంచాలు, అంతే.

ఐదో వారం

ఇది తప్పకుండా చదవండి. ఒక రాత్రి ఆకుకూర, రెండు గుడ్లు పెట్టాను, రొట్టె పెట్టలేదు. పదిన్నరకి నాన్నకి చెమటలు పట్టి చేతులు వణికాయి. చూస్తే 62. మూడు చిన్న చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 94. నా చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఆయన వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చేస్తే రాత్రి మోతాదు తగ్గించారు. ఇలాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లకి అన్నం, రొట్టె తగ్గించే ముందే డాక్టర్‌ని అడగండి. నేను అడగలేదు, అది నా తప్పు.

ఎనిమిదో వారం

గ్రీకులు వేసవిలో వ్లీతా అనే ఆకుకూర ఉడికించి, నిమ్మరసం, ఆలివ్ నూనె పోసుకుని తింటారు. ఫోటో చూసి లేచి నిలబడ్డాను. అది మన తోటకూర జాతే! కాడలతో సహా ఉప్పు నీళ్లలో ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, గట్టిగా పిండకుండా వడకట్టి, వేడి మీదే నూనె పోయాలి. నిమ్మరసం తినబోయే ముందు పిండాలి, లేకపోతే ఆకు రంగు చెడుతుంది. భోజనానికి ముందు ఇదే ఒక గిన్నెడు పెడుతున్నాను. గంగవావిలి కూర కూడా వాళ్లకి తెలుసు, గ్లిస్త్రీదా అంటారు, పచ్చిగానే దోసకాయ ముక్కల్లో కలుపుకుంటారు. పుల్లగా, కొంచెం జిగురుగా బాగుంది.

నాన్నకి బీపీ కూడా ఉంది కాబట్టి సీసాలో ఆలివ్ కాయలు, ఫెటా అనే ఉప్పటి గ్రీకు చీజ్ అరగంట నీళ్లలో ఉంచి ఉప్పు తగ్గించాకే వాడుతున్నాను.

పన్నెండో వారం

హెచ్‌బీఏవన్‌సీ 7.2. బరువు మూడు కిలోలు తగ్గింది. ఈ మూడు నెలలు సాయంత్రం అరగంట నడిచారు కూడా, కాబట్టి ఇదంతా పప్పు పులుసు చలవే అనను. రాత్రి రీడింగులు ఎక్కువగా 140, 165 మధ్య ఉన్నాయి. పెళ్లి భోజనం రోజు 241, అదీ రాసి పెట్టాను.

వచ్చే వారం యీగాండెస్, అంటే పెద్ద తెల్ల చిక్కుడు గింజలు టమాటాతో ఓవెన్‌లో పెట్టేది. గింజలు ఈ రాత్రే నానబోశాను. నాన్న ఇందాక వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసి, "దీనికి కూడా వెనిగర్ ఉంటుందా?" అని అడిగి వెళ్లారు.