స్టీలు గిన్నెలో కొన్న పిండి

మార్చి వచ్చిందంటే మా ఊళ్లో తెలుగువాళ్లు మహిళా దినోత్సవం చేస్తారు. మా ఊరంటే న్యూజెర్సీలో ఎడిసన్. ఒక స్కూలు కేఫెటేరియా అద్దెకి తీసుకుంటారు. పట్టుచీరలు, సమోసాలు, పిల్లల డాన్సులు, మధ్యలో ఒకరిద్దరి ప్రసంగాలు. ఈసారి కార్యక్రమం చూసుకుంటున్న అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, పది నిమిషాలు మాట్లాడాలి మీరు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అన్నీ అంత పర్‌ఫెక్ట్‌గా ఎలా మేనేజ్ చేస్తారో చెప్పండి, చాలు."

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేనేం చేస్తున్నానో చెప్తాను. ఇండియన్ స్టోర్లో కొన్న దోశపిండి డబ్బా మూత తీసి, పిండిని మా స్టీలు గిన్నెలోకి ఒంపుతున్నాను. సాయంత్రం ఇద్దరు స్నేహితులు కుటుంబాలతో వస్తున్నారు. చలికాలంలో ఇక్కడ పిండి ఓ పట్టాన పులవదు. ఓవెన్లో లైటు వేసి, గిన్నె రాత్రంతా అందులో పెట్టాలి. ముందురోజు రాత్రి పదకొండు దాకా ఆఫీసు వాళ్ల సాఫ్ట్‌వేర్ రిలీజ్ కాల్‌లో ఉన్నదాన్ని, మినప్పప్పు నానబెట్టడం ఎక్కడ గుర్తుంటుంది? ఖాళీ డబ్బా కడిగి, రీసైక్లింగ్ బిన్‌లో అట్టపెట్టెల కిందకి తోశాను. "అబ్బే, నాదేముందమ్మా" అంటూనే ఒప్పేసుకున్నాను.

రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఫ్లయర్ వచ్చింది. పైన ఇంద్రా నూయి, కల్పనా చావ్లా, అరుణా మిల్లర్. కింద, కాస్త చిన్న సైజులో, నేను. ముందు నవ్వొచ్చింది. తర్వాత కడుపులో తిప్పింది.

ఇంద్రా నూయి గారి పాల కథ ఇలాంటి సభల్లో తప్పకుండా వస్తుంది. పెప్సీకోకి ప్రెసిడెంట్‌ని చేస్తున్నామని చెప్పిన రోజు రాత్రి పదింటికి ఇంటికొస్తే, వాళ్లమ్మ మెట్ల మీద నిలబడి ముందు పాలు పట్టుకురమ్మందట. తెచ్చాక, నీ కిరీటం గరాజ్‌లో వదిలి లోపలికి రా అందట. 2014లో ఆస్పెన్‌లో ఆవిడే చెప్పిన సంగతి. మనవాళ్లు దాన్ని 'ఎంత ఎదిగినా ఒదిగి ఉండాలి' అని ఆడపిల్లలకి అప్పజెప్తారు. నా కళ్లు మాత్రం పక్కనున్న వాటి మీద పడతాయి. భర్త ఎనిమిదింటికే ఇంటికొచ్చి ఉన్నాడు. ఆయన్ని తెమ్మనలేకపోయావా అంటే, అలసిపోయాడు అందట తల్లి. ఇంట్లో పనివాళ్లున్నారు, వాళ్లకి చెప్పడం మర్చిపోయిందట. అసలు ఆ ఇంట్లో అమ్మ ఉంది! అన్నీ సాధించగలమని మేం నటిస్తామంతే, మా అమ్మాయిల్ని అడిగితే నన్ను మంచి తల్లి అంటారో లేదో అని కూడా ఆవిడ అదే చోట అన్నారు. ఆ ముక్క ఫ్లయర్ల మీదకి రాదు.

అరుణా మిల్లర్ గారిదీ అంతే. హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ల వయసులో ఇక్కడికొచ్చిన పిల్ల, 2023 జనవరిలో మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి స్థానంలో ఎన్నికైన మనిషి, అయ్యారు. గర్వంగానే ఉంటుంది. అంతకుముందు పాతికేళ్లు మాంట్‌గొమరీ కౌంటీలో రోడ్లూ ట్రాఫిక్కూ చూసిన ఇంజనీరు ఆవిడ. 2018లో కాంగ్రెస్ సీటుకి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, నిలబడి సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే ఓడిపోయారు. మా పదమూడేళ్లది మొన్న లెక్కల్లో 'బి' వచ్చిందని అన్నం మానేసి పడుకుంది. దానికి ఆ ప్రమాణస్వీకారం ఫొటో చూపించాను గానీ, 2018 సంగతి చెప్పాలని నాకు తట్టనే లేదు.

నా సంగతికొస్తే, 2009లో హెచ్4 మీద వచ్చాను. హెచ్1 ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా అది. ఎంసీయే చేసి, గుంటూరులో రెండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడ ఆరేళ్లు పని చేయడానికి లేదు, సోషల్ సెక్యూరిటీ నంబరే లేదు. గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న హెచ్1 వాళ్ల జీవిత భాగస్వాములకి వర్క్ పర్మిట్ ఇవ్వడం 2015 మే 26న మొదలైంది. ఆ తేదీ నాకు పిల్ల పుట్టినరోజులా గుర్తు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని ఇంటర్వ్యూలకి వెళ్తే ప్రతిచోటా అదే ప్రశ్న, ఈ ఆరేళ్లూ ఏం చేశారని.

ఉద్యోగం వచ్చాక ఇల్లు ఎలా నడిచిందంటే, షిఫ్టుల మీద. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అమ్మ ఆరు నెలలు, అత్తయ్య ఆరు నెలలు. ఒకరిని నెవార్క్ ఎయిర్‌పోర్టులో దింపిన వారానికి ఇంకొకరిని అక్కడే ఎక్కించుకునేవాళ్లం. నేను ఏడున్నర రైలుకి మెట్రోపార్క్ స్టేషన్‌కి పరిగెడుతుంటే, అమ్మ గుమ్మంలో నిలబడి టిఫిన్ డబ్బా అందించేది. పిల్లకి జడలు వేసేది, బస్సెక్కించేది. తర్వాత సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుని మంచు చూసేది. మాట్లాడే మనిషి లేదు. మోకాళ్ల నొప్పులని ఆవిడ నాకు చెప్పలేదు, ఫోన్లో చెల్లికి చెప్పింది.

మా ఆయన కంచం తీసి సింకులో పెట్టబోతే మాత్రం ఊరుకునేది కాదు. "అల్లుడుగారు అలసిపోయి వచ్చారే, నువ్వు లే" అనేది. నేనూ అదే రైల్లో వచ్చానమ్మా అంటే నవ్వేసేది.

ఇంత చేసినా అది సగమే. అటు తెనాలిలో మా నాన్న ఆ ఆరు నెలలూ కర్రీ పాయింట్ కూరలే తిన్నాడు. పొద్దున ఓ కుక్కర్ అన్నం వండుకుని, ప్లాస్టిక్ కవర్లో పప్పు, ఒక వేపుడు తెచ్చుకుని రెండు పూటలకీ సర్దుకునేవాడు. వీడియో కాల్‌లో కంచం కనిపించకుండా ఫోన్ పైకి పట్టుకునేవాడు. నా ఉద్యోగంలో ఆ కవరు కూడా ఉంది. ఏ సర్టిఫికెట్లో రాస్తాం దాన్ని?

2021లో నా వర్క్ పర్మిట్ కార్డు రెన్యువల్ ఆగిపోయింది. అప్పట్లో హెచ్4 పొడిగింపుకి మళ్లీ వేలిముద్రలు ఇవ్వాలనే నిబంధన ఉండేది. కోవిడ్‌లో ఆ సెంటర్లు మూతపడి అపాయింట్‌మెంట్లు ఎక్కడివక్కడ పేరుకుపోయాయి. పాత కార్డు గడువు దాటింది. నాలుగు నెలలు జీతం లేని సెలవు. ఆ నాలుగు నెలలూ టెన్షన్ పట్టలేక ఇంట్లో ప్రతి సొరుగూ సర్దాను, పప్పుల డబ్బాలన్నిటికీ లేబుళ్లు అంటించాను. వచ్చినవాళ్లందరూ నీ ఇల్లు ఎంత నీట్‌గా ఉందో అన్నారు. నేను పర్‌ఫెక్ట్ అన్న పేరు అప్పుడే వచ్చిందని నా అనుమానం.

సభ రోజు ముందు మాట్లాడినావిడ పొద్దున నాలుగున్నరకి లేచి యోగా, పూజ, వంట అన్నీ ఆరున్నరకి ముగిస్తానంది. బోలెడు చప్పట్లు. తర్వాత యాంకర్ "మన ఎడిసన్ సూపర్ ఉమన్" అని నన్ను పిలిచింది. రాసుకున్న కాగితం చీర కొంగులోనే ఉండిపోయింది. అమ్మ కిటికీ, నాన్న కర్రీ పాయింట్, నాలుగు నెలల సెలవు చెప్పాను. పిండి డబ్బా సంగతి కూడా నోరు జారింది. హాలు వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ముందు వరసలో ఒకావిడ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టింది. దిగాక కార్యక్రమం చూసుకుంటున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "బావుందక్కా, కొంచెం ఇన్‌స్పైరింగ్‌గా ఉండుంటే ఇంకా..." అని ఆగిపోయింది.

సమోసాల దగ్గర ఇంకో అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, చంకలో ఏడాది పాప. "అక్కా, మా అమ్మకి వీసా రెండుసార్లు రిజెక్ట్ అయింది. అత్తయ్యగారికి డయాలసిస్. నాకు కార్డు వచ్చింది, ఇంటర్వ్యూలు కూడా వస్తున్నాయి. పాపని ఎలా?" అంది. డే కేర్ ఖర్చు లెక్కేస్తే తనకొచ్చే జీతంలో పెద్దగా మిగలదు. నూయి గారి కథలో దీనికి జవాబు లేదు, నా కథలోనూ లేదు. ఇంటర్వ్యూ ఉన్న రోజుల్లో పాపని మా ఇంట్లో వదలమన్నాను, నాకు వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని కాబట్టి.

మొన్న మంగళవారం వదిలి వెళ్లింది. నేను హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగ్‌లో ఉంటే పాప నా కాళ్ల దగ్గర కూర్చుని లేబుల్ అంటించిన కందిపప్పు డబ్బా నేల మీద దొర్లించింది. తిరిగొచ్చేసరికి ఒంటిగంట. ఇంటర్వ్యూ ఎలా జరిగిందంటే, "గ్యాప్ గురించి అడిగారక్కా" అంది. దోశ తింటావా అని ఫ్రిజ్‌లోంచి పిండి తీసి, గిన్నె వెతక్కుండా డబ్బాలోంచే గరిటెతో పెనం మీద పోశాను. రెండు రోజులైంది కదా, కొంచెం పులిసింది. ఇంకోటి వెయ్యమంది.