నొప్పి లేని కుంటు

మా అమ్మాయి పదిహేనో నెలలో నడక మొదలుపెట్టినప్పటి నుంచి, ఎడమ కాలు మోపిన ప్రతిసారీ ఒళ్లంతా ఆ పక్కకు ఒరిగేది. "కొత్తగా నడిచే పిల్లలు తూలుతారు, అదే సర్దుకుంటుందమ్మా" అని మా అత్తయ్యగారు అన్నారు. టీకాల దగ్గర చూసిన డాక్టరుగారూ అదే మాట అన్నారు. బట్ట మార్చేటప్పుడు ఎడమ తొడ కుడి తొడంత వెడల్పుగా తెరుచుకోవడం లేదని రోజూ నా చేతికి తెలుస్తున్నా, పిల్ల నొప్పితో ఏడవడం లేదు కనుక నేనూ ఊరుకున్నాను.

ఇరవయ్యో నెలలో కాకినాడలో ఎక్స్‌రే తీయించాం. తొడ ఎముక తల తుంటి గిన్నెలో లేదు. పైకి జరిగిపోయి ఉంది. ఆడపిల్ల, తొలిచూలు, ఎదురుకాళ్ల కాన్పు: ఈ మూడూ ఉన్న బిడ్డకు పుట్టిన ఆరో వారంలో తుంటి స్కానింగు చేయించాలని అప్పుడు తెలిసింది. ఆరు నెలల లోపైతే చాలామంది పిల్లలకు, కాళ్లను మడిచి విడదీసి ఉంచే పావ్లిక్ పట్టీలతోనే కీలు కుదురుకుంటుందట.

మా పిల్లకు కోత తప్పలేదు. గజ్జ దగ్గర తెరిచి, బిగుసుకున్న కండర తంతువును కోసి, గిన్నెలో అడ్డుపడిన కొవ్వును తీసి, ఎముక తలను లోపల కూర్చారు. గిన్నె లోతు లేనందున, టొరంటోకు చెందిన రాబర్ట్ సాల్టర్ 1961లో ప్రచురించిన పద్ధతిలో, గిన్నెకు పైన కటి ఎముకను అడ్డంగా కోసి, గిన్నె పైకప్పు ముందుకూ బయటికీ వాలేలా తిప్పి, ఆ సందులో పిల్ల ఎముక ముక్కనే చీలలా దిగ్గొట్టి తీగలతో నిలిపారు.

తర్వాత ఆరు వారాలు రొమ్ము కింది నుంచి ఎడమ మడమ దాకా, కుడి మోకాలి దాకా సిమెంటు కట్టు. వైశాఖపు ఉక్కలో అది తడవకుండా చూడటమే నా పూర్తి పని: చిన్న డైపరును కట్టు అంచు లోపలికి దోపి, దాని మీద పెద్దది చుట్టి, రాత్రుళ్లు కూడా రెండు గంటలకొకసారి లేచి తడిమి చూసేదాన్ని. అరుగు మీద దిండ్ల ఆసరాతో బోర్లా పడుకోబెడితే, దింపు వాళ్లు కొబ్బరి గెలలు కోస్తుంటే చూస్తూ పడే ప్రతి కాయకూ చప్పట్లు కొట్టేది.

పసిబిడ్డను పొత్తిళ్లలో కాళ్లు చాపి బిగించి చుట్టవద్దని మా వీధిలో బాలింతలందరికీ చెబుతున్నాను. చంకనెత్తుకున్నప్పుడు తొడలు విచ్చుకుని ఉండటం కీలుకు మేలు చేస్తుంది.

తీగలు తీసేశారు, పిల్ల ఒరగకుండా నడుస్తోంది. ఎముక తలకు రక్తం సరిగా అందుతోందో లేదో చూడటానికి ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలు తీయిస్తూ ఉండాలి. తర్వాతిది సంక్రాంతి వెళ్లాక.