పాత కట్టెల స్టవ్‌కి ఇటుకలు మనమే పోసుకోవడం

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో పాత ఇల్లు కొంటే, దాంతోపాటు ఒక ఇనప కట్టెల స్టవ్ కూడా చేతికి రావచ్చు. లోపలి ఇటుకలకి సన్నటి బీటలుంటే కంగారక్కర్లేదు. ముక్క ఊడి వెనక ఇనుము కనిపిస్తుంటేనే మార్చాలి. ఇనుముకి మంట నేరుగా తగిలితే రేకు వంగుతుంది, పోత ఇనుమైతే పగులుతుంది.

మామూలు పలక ఇటుక 9 × 4½ × 1¼ అంగుళాల సైజులో హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతుంది. డైమండ్ బ్లేడుతో కోసుకుంటే సరి. ఏటవాలు అంచులు, గాళ్ళు ఉన్నవాటికే పోత అవసరం.

మామూలు సిమెంటు, ఇసుకతో పోయొద్దు. దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ సిమెంటులోని సున్నం నీటిని వదిలేస్తుంది. స్టవ్ చల్లారాక గాలిలో తేమ పీల్చి ఉబ్బి, ఇటుకని పిండి చేస్తుంది. అల్యూమినా సిమెంటుతో చేసిన రిఫ్రాక్టరీ కాస్టబుల్ (నీళ్ళు కలిపి పోత పోసుకునే, మంటని తట్టుకునే పొడి) కొనండి. అందులోనూ దట్టమైన రకం, తేలికపాటి ఇన్సులేషన్ రకం కాదు. పైన చెప్పిన సైజు ఇటుక ఒక్కోటి సుమారు 1¾ కిలోలు తూగుతుంది కాబట్టి, 25 కిలోల బస్తా డజను ఇటుకలకి చాలు.

కొలత విరిగిన ఇటుకది కాదు, అది కూర్చునే చోటుది తీసుకోండి. అట్టముక్క కోసి పెట్టి చూసుకుని, చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గించండి. మందం మాత్రం పాతదే ఉండాలి, పెంచితే గాలి రంధ్రాలు మూసుకుపోవచ్చు. అచ్చు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, స్క్రూలు తీస్తే విడిపోయేలా చేసి లోపల నూనె రాయండి.

పని చెడేది ఎక్కువగా నీళ్ళ దగ్గరే. బస్తా మీద రాసినంతే పోయాలి. దట్టమైన రకాలకి 10 కిలోల పొడికి లీటరు పైచిలుకు పడుతుంది. తడిపిన ముద్దని ఉండ చేసి అడుగు ఎత్తు ఎగరేసి పట్టుకోండి. నెయ్యి చాలని సున్నుండలా విరిగితే ఇంకాస్త నీళ్ళు కావాలి, వేళ్ళ సందుల్లోంచి జారితే ఎక్కువైనట్టు. కాస్త బిరుసుగా ఉంటేనే మేలు, పలచబడితే బలం సగానికి పడిపోతుంది. తట్టకి పాత సిమెంటు అంటుకుని ఉంటే ముద్ద చేతిలోనే గట్టిపడిపోతుంది, శుభ్రంగా కడగండి. పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి.

అచ్చులో నింపి, పక్కకి శాండర్ (చెక్కని నునుపు చేసే కరెంటు మిషన్) ఆనించి బుడగలు ఆగేదాకా అదరనివ్వండి. పైన ప్లాస్టిక్ కప్పి 24 గంటలు తడి ఆరకుండా ఉంచండి. తర్వాత రెండ్రోజులు గాలికి, ఆపైన 110 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఐదారు గంటలు. ఇక్కడ తొందరపడితే లోపలి తేమ ఆవిరై ఇటుక పెచ్చులూడుతుంది.

బిగించేటప్పుడు మధ్యలో మోర్టార్ పెట్టకండి. వేడికి వ్యాకోచించే చోటు లేక కొత్తవీ పగులుతాయి. సందుల్ని బూడిదే పూడుస్తుంది. మొదటి రెండు మూడు మంటలు చితుకులతో చిన్నగా వేసి, ప్రతిసారీ పూర్తిగా చల్లారనిచ్చాకే దుంగలు పెట్టండి.