600 ఓమ్‌ల లెక్క లైనుకు ఎందుకు సరిపోదు

టెలిఫోన్ లైనుకు కలిపే పరికరం ఇంపెడెన్స్ (మారుతుండే విద్యుత్ సంకేతానికి అది చూపే మొత్తం నిరోధం) 600 ఓమ్‌లు ఉండాలన్నది చాలామందికి కంఠస్థమైన మాట. స్తంభాల మీద ఎడంగా లాగిన తీగల కాలంలో అది వాస్తవానికి దగ్గరగానే ఉండేది. కేబుల్‌లోని సన్నని రాగి జంటల సంగతి వేరు, ఎందుకంటే మాటల పౌనఃపున్యాల వద్ద వాటి తీరును ప్రధానంగా రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ నిర్ణయిస్తాయి. 0.5 మి.మీ. జంటకు కిలోమీటరుకు 170 ఓమ్‌ల లూప్ రెసిస్టెన్స్, 50 నానోఫారడ్‌ల కెపాసిటెన్స్ తీసుకుంటే, దాని స్వాభావిక ఇంపెడెన్స్ (చాలా పొడవైన లైను సంకేతానికి చూపే ఇంపెడెన్స్) 300 హెర్ట్జ్ వద్ద సుమారు 1,340 ఓమ్‌లు, 1,000 వద్ద 736, 3,400 వద్ద 400. పైగా దాని ఫేజ్ కోణం (వోల్టేజ్, కరెంట్‌ల మధ్య ఎడం; రెసిస్టర్‌లో ఇది సున్నా) మైనస్ 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, ఏ విలువ గల రెసిస్టర్ ఒక్కటీ దానికి జోడు కాలేదు.

ఈ తేడా హైబ్రిడ్ అనే సర్క్యూట్ దగ్గర బయటపడుతుంది. పోయే మాటను, వచ్చే మాటను ఒకే జంట మీద నడిపి మళ్ళీ విడదీయాలంటే, అందులోని బ్యాలెన్స్ నెట్‌వర్క్ అనే చిన్న కూర్పు లైను ఇంపెడెన్స్‌ను అనుకరించాలి. అనుకరణలో లోపమున్న మేరకు మన మాట మనకే తిరిగివస్తుంది. నేరుగా సాగే కాల్‌లో అది సైడ్‌టోన్‌లో (మాట్లాడేవారికి తమ ఫోన్‌లోనే వినిపించే సొంత గొంతులో) కలిసిపోతుంది గాని, కాల్‌ను డేటా ప్యాకెట్లుగా మార్చే గేట్‌వే పదుల మిల్లీసెకన్ల ఆలస్యం చేర్చగానే స్పష్టమైన ప్రతిధ్వని అవుతుంది.

పై కేబుల్‌నే పొడవైన లైనుగా తీసుకొని 1,000 హెర్ట్జ్ వద్ద 600 ఓమ్‌లతో పోల్చితే రిటర్న్ లాస్ (పొంతన లేక వెనక్కి వచ్చే సంకేతం ఎంత తగ్గిందో చెప్పే కొలత, ఎక్కువైతే మేలు) 7 డెసిబెల్స్ మాత్రమే. దాని బదులు యూరప్ ప్రమాణమైన టీబీఆర్ 21 చెప్పిన కూర్పును, అంటే 750 ఓమ్‌లకు 150 నానోఫారడ్‌లను సమాంతరంగా పెట్టి 270 ఓమ్‌లను వరుసలో చేర్చిన దాన్ని వాడితే, అది 14 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క కెపాసిటర్, ఒక్క రెసిస్టర్ అదనంగా పెట్టినందుకు ఇంత లాభమంటే నాకు ఎప్పుడూ ముచ్చటే. ప్రతిధ్వనిని లెక్కగట్టి తీసివేసే ఎకో క్యాన్సలర్ ఉంది కదా అని ఈ పని వదిలేయడం సమంజసం కాదు: ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారో లేదో గుర్తించడానికి అందులో వాడే సాధారణ పద్ధతి, ప్రతిధ్వని కనీసం 6 డెసిబెల్స్ తగ్గి వస్తుందన్న నమ్మకంపైనే ఆధారపడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వాడే డిజైన్లలో మరో చిక్కుంది. వైండింగ్‌ల రెసిస్టెన్స్ టెర్మినేషన్‌కు (లైను చివర పెట్టే ఇంపెడెన్స్‌కు) వరుసలో చేరుతుంది కాబట్టి దాన్ని ముందే మినహాయించుకోవాలి. 2 హెన్రీల ఇండక్టెన్స్ 300 హెర్ట్జ్ వద్ద 3,770 ఓమ్‌ల రియాక్టెన్స్‌గా సమాంతరంగా నిలుస్తుంది. లైనులో పారే డీసీ, అంటే లూప్ కరెంట్, కోర్‌ను సంతృప్తం చేస్తే ఆ ఇండక్టెన్స్ కూడా పడిపోతుంది. అందుకే డీసీని వేరే దారికి మళ్ళించి, కెపాసిటర్ ద్వారా సంకేతాన్ని మాత్రమే ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపుతారు. అయితే ఆ కెపాసిటర్ 2.2 మైక్రోఫారడ్‌లైతే 300 హెర్ట్జ్ వద్ద అదే 241 ఓమ్‌లు అడ్డు నిలుస్తుంది.

లైను పొట్టిదైతే కేబుల్ ప్రభావం దాదాపు కనబడదు, అవతల ఎక్స్ఛేంజ్ పెట్టిన టెర్మినేషనే కనబడుతుంది. కాబట్టి ఒకే నెట్‌వర్క్‌ను పొడవు లైనుకు అచ్చంగా సరిపోల్చితే పొట్టి లైను మీద దెబ్బతింటుంది. టెర్మినేషన్‌ను సాఫ్ట్‌వేర్ రాసే రిజిస్టర్ల ద్వారా మార్చగల డీఏఏ చిప్‌లు (పరికరాన్ని ఫోన్ లైనుకు కలిపేవి) దొరుకుతున్నాయి గనుక, పలు పొడవుల కృత్రిమ లైన్లపై కొలిచి, అన్నిటిలోకీ అధ్వానమైన ఫలితాన్ని మెరుగుపరిచే అమరికనే నేను ఎంచుకుంటాను.