శ్రీముఖ నామ సంవత్సరంలో ఇద్దరు సేనానులు

నా జాతకం కాగితం మీద మా తాతయ్య ఎర్ర సిరాతో రాసిన మొదటి మాట "శ్రీముఖ నామ సంవత్సరం". 1993 అన్నమాట. ఆ పేరుతో నాకు అంతకుమించి పని పడలేదు ఎప్పుడూ, పోయిన నెల రామప్ప గుడికి వెళ్ళేదాకా. ఆవరణలో నాలుగు పక్కలా చెక్కిన నల్లరాతి శాసనం ఉంటుంది కదా, అక్షరాలు తెలుగువే అయినా భాష సంస్కృతం, పైగా పాత లిపి, కాబట్టి నాలాంటి వాడు ముక్కు ఆనించి చూసినా ఒక్క ముక్క అర్థం కాదు. అయినా అక్కడే కాసేపు నిలబడి, అందులో ఉన్న తేదీ తెలుసు గనక, ఫోన్లో లెక్క వేసుకున్నాను. శక సంవత్సరం 1135, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం, పుష్యమి. అంటే 1213 మార్చి 31. వెనక్కి అరవైలు తీసేసుకుంటూ పోతే అది కూడా శ్రీముఖే! అరవై ఏళ్ళ చక్రం సరిగ్గా పదమూడు సార్లు తిరిగితే నేను పుట్టాను. ఇందులో గొప్పేమీ లేదు, ఆ ఏడాది పుట్టిన లక్షల మందికీ అదే లెక్క, కానీ ఆ క్షణం నుంచి 1213 నాకు సొంత ఊరులాగా అయిపోయింది. ఇంటికొచ్చాక రెండు వారాలు రాత్రిళ్ళు దాని మీదే కూర్చున్నాను.

ఇంకో చిన్న సంగతి. అష్టమి ఆదివారం అంటే మర్నాడు సోమవారం శ్రీరామనవమి. భద్రాచలంలో గోపన్న గుడి కట్టడానికి ఇంకా 400 ఏళ్ళకి పైనే టైముంది. నన్నయ ఆపేసిన చోటే భారతం ఆగి ఉంది, తిక్కన ఇంకా దాన్ని ముట్టుకోలేదు. ఓరుగల్లులో గణపతిదేవుడు రాజై 14 ఏళ్ళు అయింది.

ఆ 14 ఏళ్ళ మొదట్లో ఏం జరిగిందో తెలిస్తేగానీ రామప్ప గుడి ఎవరు కట్టించారు, ఎందుకంత ధీమాగా కట్టించారు అన్నది అర్థం కాదు. గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవుల మీదకి దండెత్తి వెళ్ళి అక్కడే చనిపోయాడు. కొడుకేమో యాదవులకి చిక్కాడు. రాజు పోయాడు, రాజు కావాల్సినవాడు శత్రువు చేతిలో ఉన్నాడు, చుట్టుపక్కల సామంతులకి ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా? అప్పుడు రాజ్యం చెదిరిపోకుండా పట్టుకుని నిలబడ్డవాడు కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు. తర్వాత యాదవులే గణపతిదేవుణ్ణి విడిచిపెట్టి పంపించారు, ఆయనొచ్చి సుమారు 60 ఏళ్ళు ఏలాడు. మధ్యలో ఆ కొన్నాళ్ళు రుద్రుడు "ఇక నేనే రాజుని" అనేసి ఉంటే మన స్కూలు పుస్తకాల్లో రుద్రమదేవి ఉండేదే కాదు. అనలేదు. ఎందుకు అనలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అలాంటి మనిషి కట్టించిన గుడి ఇది. దేవుడికి తన పేరే పెట్టుకున్నాడు, రుద్రేశ్వరుడు. పక్కన చిన్న గుళ్ళకి తన వంశంలో పెద్దవాళ్ళయిన కాటయ, కామయల పేర్లు, కాటేశ్వరం, కామేశ్వరం. మనం మాత్రం రామప్ప గుడి అంటాం, రామప్ప అనే శిల్పి చెక్కాడు గనక ఆయన పేరే నిలిచిందని చెప్పుకుంటాం. శాసనంలో కట్టించిన సేనాని పేరు ఉంది గానీ శిల్పి పేరు లేదు. లేకపోయినా జనం నోట్లో శిల్పే గెలిచాడు, సేనాని ఓడిపోయాడు. ఈ ఒక్క విషయంలో నేను చరిత్రకారుల వైపు కాదు, జనం వైపే.

గుడి గురించి అందరూ రాసినవే మళ్ళీ రాయను. నీళ్ళ మీద తేలే ఇటుకలు, పునాది కింద ఇసుక, 2021లో యునెస్కో గుర్తింపు, ఇవన్నీ మీకు తెలుసు. నేను ఈసారి చూసింది ఏనుగుల్ని. గోడ కింది భాగంలో చుట్టూ ఒకే వరసలో నడుస్తూ ఉంటాయి, దూరం నుంచి ఒకే ఏనుగుని అచ్చు గుద్దినట్టు ఉంటాయి, దగ్గరికెళ్ళి వంగి చూస్తే ఒకదాని తొండం ఇటు తిరిగి ఉంటుంది, ఇంకోటి కాలు ఎత్తి ఉంటుంది. ఎర్రటి ఇసుకరాయి మధ్యాహ్నం ఎండకి పొయ్యి మీద పెనంలాగా కాలుతోంది, చెయ్యి పెట్టలేం. అదే పైన, చూరు కింద ఉన్న పన్నెండు మంది మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, నల్లరాయి, మొన్నే నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నారు. ఒకే గుడి, రెండు రాళ్ళు, ఒకటి 800 ఏళ్ళకి అరిగింది, ఇంకొకటి పట్టించుకోలేదు.

ఏనుగులు అని ఎందుకు ఎత్తానంటే, 1213లోనే ఇంకో శాసనం ఉంది. అది ఇక్కడికి చాలా దూరంలో, గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో ఉన్న చేబ్రోలుది. వేయించినవాడు జాయప, గణపతిదేవుడి గజసాహిణి. అంటే ఏనుగుల దళానికి పెద్ద. ఈయన కథ సినిమాకి సరిపోతుంది నిజంగా. వీళ్ళది దివి, ఇప్పటి దివిసీమ. కాకతీయ సైన్యం కృష్ణ ఒడ్డుదాకా వచ్చి దివి మీద పడింది, అక్కడి అయ్య వంశం వాళ్ళు గట్టిగానే ఎదురు నిలిచారు, చివరికి ఓడారు. ఓడించినవాడు ఊరు తగలబెట్టి పోవాలి కదా మామూలుగా. గణపతిదేవుడు అక్కడి ప్రభువు పిన్నచోడికే రాజ్యం తిరిగి ఇచ్చి, ఆయన ఇద్దరు కూతుళ్ళని, నారమ్మని పేరమ్మని, పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ తమ్ముడే జాయప. కుర్రాడు చురుగ్గా ఉన్నాడని ఓరుగల్లు తీసుకుపోయి చదివించాడు, గుండామాత్యుడనే ఆయన దగ్గర నాట్యం నేర్పించాడు. బావమరిదికి నాట్యం నేర్పించి, ఆ తర్వాత ఏనుగుల దళం చేతిలో పెట్టిన రాజు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలీదు.

1213లో జాయపకి చేబ్రోలు దక్కింది. శాసనంలో ఆ ఊరి పేరు తామ్రపురి. అక్కడ తండ్రి పేరు మీద చోడేశ్వరాలయం కట్టించాడు. తర్వాత దివిలో రాజుగారి పేరు మీద గణపేశ్వరం కట్టించాడు, 1231 నాటి శాసనం ఉంది దానికి. రుద్రుడేమో తన పేరు, తన పెద్దల పేర్లు పెట్టుకున్నాడు, జాయప ముందు నాన్న పేరు, తర్వాత బావ పేరు పెట్టాడు. ఒకాయన రాజ్యాన్ని నిలబెట్టిన పెద్దరికం ఉన్నవాడు, రెండో ఆయన ఓడిన ఇంటి నుంచి వచ్చి పైకొచ్చిన కుర్రాడు. పేర్లు పెట్టడంలోనే ఆ తేడా కనిపిస్తోందని నాకనిపించింది, ఎక్కువ ఊహించుకుంటున్నానేమో కూడా. చేబ్రోలు గురించి ఇంకో ముక్క, అక్కడే ఈ మధ్య సాతవాహన రాజు విజయుడి కాలం నాటి సంస్కృత శాసనం బయటపడింది, క్రీ.శ. 207 నాటిది. జాయపకే అది వెయ్యేళ్ళ పాత ఊరు.

ఇక ఆ ఏడాది మిగతా ప్రపంచం ఏం చేస్తోందా అని చూస్తే, ఒకటే గోల. చైనాలో ఉత్తరాన జిన్ రాజ్యం మీద చెంగిజ్ ఖాన్ పడి అప్పటికే రెండేళ్ళయింది, రాజధాని దాకా, అంటే ఇప్పటి బీజింగ్ దాకా మంగోలులు వచ్చేస్తుంటే, లోపల ఒక సేనాపతి సొంత చక్రవర్తినే చంపించి ఇంకొకణ్ణి గద్దె మీద కూర్చోబెట్టాడు. ఇంగ్లండులో జాన్ అనే రాజు పోపుతో గొడవ పెట్టుకుని, పక్కన ఫ్రాన్స్ రాజు దండెత్తి వస్తాడన్న భయంతో, మే నెలలో రాజ్యం మొత్తం పోపు కాళ్ళ దగ్గర పెట్టి ఏడాదికి 1000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కప్పం కట్టుకుంటానని ఒప్పుకున్నాడు. ఆ నెలాఖరుకే ఆయన నౌకలు వెళ్ళి డామ్ రేవులో ఉన్న ఫ్రెంచి పడవల్ని తగలబెట్టి వచ్చాయి, కాబట్టి పాపం అంత దిగజారక్కర్లేకుండా పోయేదేమో. సెప్టెంబరు 12న ఫ్రాన్స్ దక్షిణాన మ్యూరే దగ్గర యుద్ధం. అరగాన్ రాజు పెద్రో పెద్ద సైన్యంతో వచ్చాడు, ఎదురుగా సిమోన్ ద మోంఫోర్ దగ్గర ఉన్నది అందులో కొంచెమే. అయినా పెద్రో ఓడిపోయి అక్కడే చచ్చిపోయాడు. రాజుగారు ఇంకొకరి కవచం వేసుకుని మామూలు యోధుడిలా ముందు వరసలో నిలబడ్డాడని చెబుతారు. అదే నెల 28న హంగరీలో, రాజు యుద్ధానికి వెళ్ళిన సమయం చూసి రాణి గెర్‌ట్రూడ్‌ని సొంత రాజ్యంలో పెద్దలే నరికి చంపారు.

ఇవన్నీ చదివాక మళ్ళీ రేచర్ల రుద్రుడి దగ్గరికొచ్చి ఆగిపోయాను. చైనా సేనాపతికి దొరికిన అవకాశమే ఈయనకీ దొరికింది, ఇంకా సులువుగా దొరికింది.

ఇప్పుడు అసలు నేను ఈ పోస్టు రాయడానికి కారణమైన గొడవ. గుడి లోపల రంగమండపం స్తంభాల మీద, దూలాల మీద నాట్యం చేసేవాళ్ళు, పక్కన మద్దెల వాయించేవాళ్ళు కనిపిస్తారు. చీకట్లో టార్చి వేసి చూపిస్తారు. మాకు చూపించిన ఆయన, మంచి మనిషే, నవ్విస్తూ చెప్పాడు, కానీ ఒక మాట అన్నాడు, జాయప సేనాని రాసిన నృత్త రత్నావళి చదివి, అందులో ఉన్న భంగిమల్ని శిల్పులు ఇక్కడ చెక్కారు సార్ అని. నెట్లో కూడా చాలాచోట్ల ఇదే ఉంది. కానీ జాయప ఆ గ్రంథం రాసింది 1253-54లో! శాసనం 1213ది. పుస్తకం వెలువడడానికి 40 ఏళ్ళ ముందు దాన్ని చదివి ఎలా చెక్కుతారు? అప్పుడు జాయప ఏనుగుల లెక్కలు చూసుకుంటున్న కుర్రాడు.

ఆయనతో వాదించలేదు, వెనక స్కూలు పిల్లల గుంపు వచ్చేసింది. ఇంటికొచ్చాక నాకే అనుమానం మొదలైంది. గుడికి 40 ఏళ్ళు పట్టిందని జనం అంటారు. కొందరు ఆ 40 ఏళ్ళూ 1213కి ముందువి అంటారు, 1173లో మొదలుపెట్టారని. యునెస్కో వాళ్ళేమో పని 1213లో మొదలై ఓ 40 ఏళ్ళు సాగిందంటారు. వాళ్ళ లెక్క ప్రకారం పోతే గుడి పూర్తయ్యేదీ, గ్రంథం పూర్తయ్యేదీ ఇంచుమించు ఒకేసారి. అప్పుడు మా టార్చి ఆయన మాట మొత్తం తప్పని కొట్టిపారేయలేం. మరీ పూర్తి ఒప్పూ కాదు.

నాకు తోచింది చెప్తాను. నృత్త రత్నావళిలో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ శాస్త్రం, నాట్యశాస్త్రం రాసిన భరతుడి దారి. తర్వాతి నాలుగూ దేశి, అంటే ఊళ్ళో, గుళ్ళో, వీధుల్లో జనం ఆడేవి. పేరిణి అనే వీరనాట్యం అందులోనే ఉంది, కోలాటం లాంటివి కూడా ఉన్నాయి. ఏనుగుల సేనాని సంస్కృతంలో కూర్చుని కోలాటం గురించి రాస్తున్నాడంటే ఎక్కడో నిలబడి కళ్ళారా చూసే ఉండాలి. ఆయన చూసిన ఆటనే, ఆ ఆడేవాళ్ళ తల్లులనో అమ్మమ్మలనో, రామప్ప గుడి ఉన్న పాలంపేటలో పనిచేసిన శిల్పులు కూడా చూశారు. ఇద్దరూ ఆ ఆటనే చూసి కాపీ కొట్టారు, ఒకళ్ళ నుంచి ఒకళ్ళు కాదు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్ళీ లేపినప్పుడు కూడా ఒక చేత్తో ఆ గ్రంథాన్ని, ఇంకో చేత్తో ఈ రాళ్ళని పట్టుకునే చేశారు. ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు. సంస్కృతం రానివాళ్ళకి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి తెలుగు అనువాదం ఉంది, పాత పుస్తకాల షాపులో దొరికితే వదలకండి.

తిరుగు ప్రయాణంలో జంగాలపల్లి క్రాస్ దగ్గర బస్సు కోసం గంటసేపు నిలబడాల్సొచ్చింది. మిర్చి బజ్జీలు తింటూ అమ్మకి ఫోన్ చేసి, శ్రీముఖ అంటే నా సంవత్సరం, ఈ గుడి సంవత్సరం కూడా అని ఉత్సాహంగా చెప్పాను. మళ్ళీ శ్రీముఖ ఎప్పుడొస్తుంది అంది. 2053లో అన్నాను. "అయితే అప్పటికి నీకు షష్టిపూర్తి, ముందు పెళ్ళి సంగతి చూడు" అని పెట్టేసింది. సంక్రాంతి సెలవుల్లో చేబ్రోలు వెళ్దామనుకుంటున్నాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు.