సకల ప్రాణులు: ఆయాసపడేవాళ్ళు కూడా

"సకల ప్రాణులు యెహోవాను స్తుతించుదురు గాక." 150వ కీర్తనలో ఆఖరి వచనం. సండే స్కూల్లో కంఠతా పట్టింది కాబట్టి ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. బూర, సితారా, తంబుర, తాళాలు అంటూ వాయిద్యాలన్నీ అయ్యాక చివరికి ఊపిరి దగ్గరికి వచ్చాడు కీర్తనకారుడు. ఊపిరి ఉన్నవాళ్ళు అన్నాడంతే, ఎంత ఉండాలో చెప్పలేదు.

ఇది నాకు తట్టింది గెర్డ్ త్సాఖర్ గురించి చదువుతుంటే. జర్మనీలో మెప్పెన్‌లో 1929లో పుట్టాడు, 2014లో పోయాడు. స్వరకర్త, ఆర్గనిస్టు, అంటే చర్చిల్లో గొట్టాల్లోకి గాలి పంపి మోగించే ఆ పెద్ద వాయిద్యం, ఆర్గన్, వాయించేవాడు. పాతకాలపు జర్మన్ స్వరకర్త బాక్ రాసిన ఒకే ఒక్క ఫ్యూగ్‌ని (ఒకే రాగాన్ని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన) పది రకాలుగా వాయించి చూపించిన మనిషి. 1957 నుంచి 1970 వరకు హాంబర్గ్‌లో ఒక లూథర్ చర్చిలో ఆర్గన్ వాయించాడు, తర్వాత ఎస్సెన్‌లో పాఠాలు చెప్పాడు. ఆయన కోసం లిగెటి అనే స్వరకర్త 1967లో 'హార్మొనీస్' అని ఒకటి రాశాడు. పది వేళ్ళూ పది మెట్ల మీదే ఉంటాయి, ఒకసారికి ఒక్క వేలే పక్కకి జరుగుతుంది. అసలు సంగతి అది కాదు, ఆర్గన్‌కి వెళ్ళే గాలినే తగ్గించేయాలి! గాలి చాలక గొట్టాలు శ్రుతి తప్పుతాయి, స్వరం పాలిపోతుంది, ఎక్కడో రోగి మూలిగినట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నా ఫోన్ స్పీకరే పాడైందేమో అనుకున్నాను.

చర్చిలో ఆర్గన్ అంటే గోడలు అదిరిపోవాలని కదా మన లెక్క, మరి ఈయన దాన్ని ఆయాసపడుతుండగానే వాయించాడు.

మా సంఘంలో పాత హార్మోనియం ఉండేది, తిత్తికి చిల్లి. ఎంత కొట్టినా చరణం మధ్యలో గాలి అయిపోయేది. కీబోర్డు కొందామని నేనే గొడవ చేశాను, కొన్నాం కూడా, ఇప్పుడు సౌండుకి లోటు లేదు. వెనక చాప మీద కూర్చునే ఉబ్బసం మామ్మకి మాత్రం ఆ వేగం అందదు. మేమంతా ఆమేన్ అనేసి పుస్తకాలు మూసేశాక కూడా ఆమె ఇంకా ఆఖరి లైన్లోనే ఉంటుంది, ఒక మాట, ఒక ఊపిరి, మళ్ళీ ఒక మాట. పోయిన ఆదివారం వాల్యూం తగ్గించి, ఆమె పూర్తి చేసేదాకా ఆ ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని కూర్చున్నాను.